లేని పిట్టకు కాపలా

మా ఆయనకు పిట్టల పిచ్చి. తాగుడూ పేకాటా లేని మొగుడు కావాలని మా అమ్మ మొక్కుకుంటే దేవుడు అక్షరాలా అదే ఇచ్చాడు. మిగతావి మా అమ్మ అడగడం మరిచిపోయింది.

అరకు బజార్లో మాది ఫ్యాన్సీ కొట్టు. బోర్డు మీద ప్రొప్రయిటర్ లక్ష్మీప్రసాద్ అని ఉంటుంది కానీ, షట్టర్ ఎత్తేదీ దించేదీ నేనే. ఆయన తెల్లారకుండానే మెళ్ళో బైనాక్యులర్స్ వేసుకుని కొండెక్కేస్తాడు. చూసిన పిట్టల్నీ, కూత విన్న పిట్టల్నీ ఫోనులో ఒక యాప్‌లో ఎక్కిస్తాడు. ఎక్కడో ఉన్న శాస్త్రజ్ఞులకు అవి పనికొస్తాయట. అందువల్ల తానిప్పుడు పౌర శాస్త్రవేత్తనని చెప్పుకుంటాడు. వానాకాలం వస్తే చిమ్మటలు కూడా. వాటికోసం వసారాలో బల్బు వెలుగుతూనే ఉండాలి. పొద్దున్నే గోడ మీద వాలిన ప్రతి చిమ్మటకూ ఫోటో తీసేదాకా నేను చీపురు పట్టకూడదు.

“ఆగు కమలా, అది ఇంకా రికార్డు కాలేదు” అంటాడు. ఇన్నేళ్ళుగా అదే వసారాలో తిరుగుతున్నాను, నేను మాత్రం ఏ రికార్డుకి ఎక్కాను?

ఈయనకొక ప్రత్యర్థి ఉన్నాడు. సర్వేశ్వరరావు గారు, బ్యాంకు మేనేజరుగా రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. జిల్లాలో ఎక్కువ పిట్టల్ని చూసినవాడిగా యాప్‌లో ఒకరోజు ఆయన పేరు పైన ఉంటే ఇంకోరోజు ఈయన పేరు పైన ఉంటుంది. ఆయన పేరు పైనున్న రోజు మా ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువవుతుంది, అంటే ఎక్కువైందని ఈయన అంటాడు. బజార్లో ఎదురైతే నమస్కారాలు పెట్టుకుంటారు. ఎవరు ఏ కొండకు వెళ్తున్నారో మాత్రం ఒకరికొకరు చచ్చినా చెప్పుకోరు.

కాఫీ పళ్ళు ఎర్రబడుతున్న రోజుల్లో ఒక ఆదివారం ఈయన టిఫిన్ డబ్బా మరిచిపోయి వెళ్ళాడు. చిట్టి వాళ్ళ కొండకు వెళ్ళాడని నాకు తెలుసు. చిట్టి సంత రోజున తన మూట మా అరుగు మీద పెట్టుకుని బజారు పని చూసుకుంటుంది. వాళ్ళ కాఫీ తోట గెడ్డ, అంటే కొండవాగు, దాటాక ఉంటుంది. ఆరోజు తోటకెళ్తూ, డబ్బా ఇచ్చొద్దామని బయల్దేరిన నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. గెడ్డకు అటూ ఇటూ రెండు ఎత్తు గట్లు, కింద గెడ్డ వెంబడే కాలిబాట. మేం బాట మీద నడుస్తుంటే పడమటి గట్టు నుంచి ఒక పిట్ట కూసింది. కాసేపాగి తూర్పు గట్టు నుంచి అదే కూత జవాబుగా వచ్చింది. మళ్ళీ పడమర, మళ్ళీ తూర్పు. అన్నిసార్లూ ఒకే కూత, ఒకే పొడవు.

చిట్టి చేత్తో చూపించింది. పడమటి గట్టు మీద సిల్వర్ ఓక్ చెట్టు చాటున మా ఆయన ఫోను పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. తూర్పు గట్టు మీద టోపీ పెట్టుకుని మేనేజరు గారు, ఆయన చేతిలోనూ ఫోనే. ముందే రికార్డు చేసిన కూత ఫోనులో పెట్టి వినిపిస్తే నిజం పిట్ట బయటికొస్తుందని వీళ్ళ పద్ధతి. ఇద్దరూ పెట్టారు. ఒకరి ఫోనుకి ఇంకొకరు చెవి ఒగ్గి, పరవశించి, మళ్ళీ పెట్టారు.

“ఏటమ్మా, ఆలిద్దరూ ఫోన్లకి పెళ్ళి సేత్తన్నారేటి?” అంది చిట్టి. ఇద్దరం నోట్లో కొంగులు కుక్కుకున్నాం.

ఆ సాయంత్రమే నవ్వు ఆగిపోయింది. ట్రోగాన్ అనే ఎర్ర రొమ్ము పిట్ట కూత విన్నామని ఇద్దరూ యాప్‌లో ఎక్కించారు. మా చుట్టుపక్కల అది వినిపించి చాలా కాలమైందట. ఇద్దరు మనుషులు, వేర్వేరు చోట్ల నుంచి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకేరోజు విన్నారు కాబట్టి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదని పక్షుల సంఘం వాళ్ళంతా మెచ్చుకున్నారు.

నేను చూసింది చెప్పాను. “పిట్ట కూతకీ ఫోను కూతకీ తేడా తెలీదా నాకు? నీకు చెవి లేదు కమలా” అన్నాడు.

ఆ వారంలోనే ఒక అటవీ శాఖ అధికారి జీపేసుకుని వచ్చాడు. పిట్టకు ఇబ్బంది కలగకూడదని కాలిబాటకు అడ్డంగా వెదురు గేటు కట్టించాడు. కెమెరాల వాళ్ళు అనుమతి తీసుకుని లోపలికి వెళ్ళొచ్చు, బుట్టల వాళ్ళు వెళ్ళకూడదు. బోర్డు కూడా రాయించారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ బోర్డు మీద పిట్ట బొమ్మ, దాని పక్కన గూడు, గూట్లో పిల్లలు, కింద కూత విన్న ఇద్దరి పేర్లు.

చిట్టి కొట్టుకొచ్చింది. “కొండ సుట్టూ తిరిగి ఎల్తే తోటకాడికి సేరేతలికి మద్దేనం అయిపోతంది. పళ్ళు రాలిపోతన్నాయమ్మా. ఏడాదికి ఒక్క పంట. మీ ఆయనికి సెప్పు, పిట్ట నేదని ఒక్క మాట అనమను” అంది.

ఆయన్ని అడిగాను. ఆ ఒక్క మాట అంటే మేనేజరు పేరు పైకి వెళ్ళిపోతుందన్నాడు. తినేటప్పుడూ అడిగాను, పడుకోబోయేటప్పుడూ అడిగాను. “సైన్సులో సెంటిమెంటుకి చోటు లేదు” అన్నాడు. పిట్టకు కూడా చోటు లేదని తెలిసింది కనక ఊరుకున్నాను.

గేటు దగ్గర బోర్డు ఆవిష్కరణ పెట్టారు. విశాఖపట్నం నుంచి కూడా జనం వచ్చారు. చిట్టి, ఇంకొందరు ఆడవాళ్ళు బుట్టలతో ఒక పక్కన నిలబడ్డారు. అధికారి మాట్లాడుతుండగా నేను వెనకనుంచి జారుకుని, మిరియాల తీగ అల్లుకున్న చెట్టు చాటుకు వెళ్ళి, ఆయన ఫోనులోంచి నా ఫోనులోకి ఎక్కించుకున్న ఆ కూత పెట్టాను.

బైనాక్యులర్స్ అన్నీ ఒక్కసారి లేచాయి. “మగది” అని మేనేజరు గారు గుసగుసలాడాడు. “తోక కనిపించింది” అని ఒకమ్మాయి అంది. మా ఆయనకైతే కళ్ళల్లో నీళ్ళు. మా పెళ్ళిలో కూడా ఆయన కళ్ళు అలా చెమ్మగిల్లలేదు. నేను చెట్టు చాటు నుంచి బయటికొచ్చాను. ఫోను ఇంకా కూస్తూనే ఉంది.

అధికారి మొహం ఎర్రబడింది. ఇక్కడ ఫోనులో కూతలు పెట్టకూడదని బోర్డు మీద రాసి ఉందట. అరుదైన పక్షిని వేధించినందుకు నా మీద కేసు రాస్తానన్నాడు. “ఇక్కడ మొదటి కేసు మీదే అవుతుంది” అన్నాడు.

“రాయండి. కానీ పిట్ట ఉంటేనే కదండీ వేధించినట్టు. ఉంటే నన్ను తీసుకెళ్ళండి, లేకపోతే గేటు తియ్యండి. ఉందో లేదో ఆ ఇద్దర్నీ అడగండి” అన్నాను.

అందరూ మా ఆయన వైపు తిరిగారు. ఆయన నా వైపు చూశాడు, తర్వాత మేనేజరు వైపు చూశాడు, తర్వాత బోర్డు మీద తన పేరు చూసుకున్నాడు. నేను ఎదురుచూశాను. మా అమ్మ మొక్కుకుని తెచ్చిన మొగుడు, పెళ్ళాన్ని కేసుకి అప్పజెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

ముందు మేనేజరు గారే నోరు విప్పాడు. “లక్ష్మీప్రసాద్ ఏం విన్నాడో నాకు తెలీదు. నేను విన్నది మాత్రం అసలైన పిట్టనే. పడమటి గట్టు నుంచి నాకు జవాబిచ్చింది.”

అంతే, మా ఆయన మొహం వెలిగిపోయింది. “పడమటి గట్టు మీద ఉన్నది నేనే కదండీ. కూసింది నా ఫోను. ఫోనుకీ పిట్టకీ తేడా తెలీదేటండీ మీకు? అసలుది తూర్పు నుంచి వచ్చింది, నేను విన్నాను.”

“తూర్పున ఉన్నది నేను” అన్నాడు మేనేజరు గారు, చాలా నెమ్మదిగా.

అధికారి తన కాగితం మడిచి జేబులో పెట్టుకుని గేటు తీయమన్నాడు. బోర్డు మాత్రం ఉంచమన్నాడు, ఎప్పుడైనా పిట్ట వస్తే పనికొస్తుందట.

మా ఆయన నా దగ్గరికొచ్చాడు. “చూశావా, ఆయన మొహం ఎలా మాడిపోయిందో” అన్నాడు సంతోషంగా. కేసు సంగతి ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆడవాళ్ళు బుట్టలు ఎత్తుకుని గేటులోంచి వెళ్తున్నారు. చిట్టికి ఆ మగాళ్ళిద్దరి మాటలు దూరం నుంచి సరిగ్గా వినపడలేదు. నా దగ్గర ఆగి చెయ్యి పట్టుకుంది.

“మీ ఆయన మంచోడమ్మా. నీ మీద కేసు ఎడతారని నిజం ఒప్పేసుకున్నాడు కదా?”

“అవును” అన్నాను. చూడని పిట్టను చూశానని చెప్పడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.