ఆమెన్ దాకా ఆగిన వేలు

ఫ్లోరా పెళ్ళి రోజు ఉదయం నుంచీ యేసుదానానికి ఒళ్ళు మండుతూనే ఉంది. కోపం ఎవరి మీదో తేల్చుకునే తీరిక దొరకక, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు కెమెరా బ్యాగు జిప్పుని పీకుతున్నాడు. బ్యాగులో ఉన్నది కొత్త కెమెరా, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్. తెచ్చి పది రోజులైనా దానికీ ఆయనకీ ఇంకా మాటల్లేవు.

మల్కాపురంలో ఇరవై ఆరేళ్ళుగా ఆయనది ఫొటో స్టూడియో. అక్కడి చర్చిలో జరిగిన పెళ్ళిళ్ళలో సగానికి పైగా ఆయన తీసినవే. మొదటి పెళ్ళిలోనే పరువు పోయింది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఈయన ఫొటో నొక్కాడు. పాత రకం కెమెరాలో ఫొటో తీసినప్పుడల్లా లోపలున్న అద్దం ఎగిరి పడుతుంది, ఠక్‌మంటుంది. పాస్టరుగారు ప్రార్థన ఆపేసి మైకులోనే, "ఇది దేవుని మందిరమా, బస్టాండా?" అన్నారు. మూడొందల మంది కళ్ళు తెరిచి చూశారు. ఆ చూపులు ఆయనకి ఇవాళ్టికీ వీపు మీద ఉన్నాయి.

ఆ దెబ్బతో ఒక పద్ధతి కనిపెట్టాడు. ప్రార్థన సాగినంతసేపూ గురి పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. చివర్న అందరూ ఒక్కసారిగా 'ఆమెన్' అన్నప్పుడు నొక్కేవాడు. అన్ని గొంతుల్లో ఆ ఠక్కు కలిసిపోయేది. రీలు పోయి కార్డు వచ్చింది, కెమెరాలు నాలుగు మారాయి, అద్దం మాత్రం ఎగురుతూనే ఉంది. వేలు కూడా ఆమెన్ కోసం ఆగుతూనే ఉంది.

ఆ పాస్టరుగారే మొన్న క్రిస్మస్ అయ్యాక, ఇకమీదట చప్పుడు లేని కెమెరాలే వేదిక దగ్గరికి రావాలని ప్రకటించారు. దువ్వాడ నుంచి ఎవరో కుర్రాళ్ళు వచ్చి మిర్రర్‌లెస్‌తో పెళ్ళి తీస్తే, దోమ వాలినంత చప్పుడైనా కాలేదట. కొత్త ఒక వింత, పాత ఒక రోత. ఇరవై ఆరేళ్ళు ఊపిరి బిగబట్టినవాడి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఫ్లోరా తండ్రి జాన్ పాల్ పోర్టులో క్రేన్ ఆపరేటరు, యేసుదానానికి చిన్ననాటి నుంచీ స్నేహితుడు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఆయనే స్టూడియోకి వచ్చి నసిగాడు.

"బావా, ఏటనుకోకు. పెళ్ళికొడుకోళ్ళు ఆ కొత్త కెమెరా ఉన్నోళ్ళనే పెట్టమంటన్నారు. పాస్టరు అయ్యగారు కూడా అదే మాట. నువ్వొకటి కొనీసుకోకూడదా?"

"నీ కూతురు ఉయ్యాల్లో ఉన్నకాడినుంచి ఏటితో తీసినానురా నాను? పెనంతోనా?"

"నాకు తెల్దా బావా. నాకు వంద ఫొటోలొద్దు. మాయమ్మ మన ఫ్లోరా గుంట తలమీద సెయ్యేసి ప్రార్థన సేత్తాది గదా, ఆ ఒక్కటీ కావాల. అది నువ్వే తియ్యాల."

ఫ్లోరాకి ఏడాది నిండకుండానే తల్లి పోతే, నాయనమ్మ దీవెనమ్మే పెంచింది. ఇప్పుడు ఆవిడకి సుగరు జబ్బుతో చూపు పూర్తిగా పోయింది. ఆ ఫొటో ఇంకొకడి చేతిలో పెట్టడం యేసుదానం వల్ల కాలేదు.

మర్నాడే పాత కెమెరా షాపులో ఇచ్చేసి కొత్తది తెచ్చాడు. షాపువాడు పాతదాన్ని గోళ్ళతో పట్టుకుని బల్ల కిందకి తోశాడు. "సౌండ్ మొత్తం ఆఫ్ చేసేశాను సార్. కావాలంటే మెనూలో ఉంటుంది, ఎవరికీ అక్కర్లేదు లెండి," అన్నాడు. కన్ను ఆనిస్తే లోపల బుల్లి టీవీ. పెళ్ళికూతుర్ని చూడాల్సిన కంటితో టీవీ చూడమంటారేంట్రా అని దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చాడు.

పెళ్ళి మొదలైంది. ప్రమాణాలు అయ్యాయి, ఉంగరాలు మారాయి. నొక్కితే చప్పుడు లేదు, చేతిలో అదురు లేదు. పడిందో లేదో తెలియక ప్రతిసారీ వెనక తెర చూసుకోవలసి వచ్చింది.

అప్పుడు పాస్టరుగారు దీవెనమ్మని పిలిచారు. జాన్ పాల్ తల్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, చెవిలో ఏదో చెప్పి పక్కకి తప్పుకున్నాడు. ఫ్లోరా మోకరించింది. ముసలి చెయ్యి వెతుక్కుంటూ వచ్చి తెల్లటి ముసుగు మీద ఆగింది. చర్చంతా కళ్ళు మూసుకుంది.

"పెబువా, తల్లి నేని గుంట," అని మొదలుపెట్టింది దీవెనమ్మ. ఫ్లోరా చెంపల మీద నీళ్ళు జారాయి. యేసుదానం మూడడుగుల దూరంలో గురి పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ప్రార్థన అయిపోయింది. ఆవిడ మాట ఆగింది, చెయ్యి తలమీదే ఉంది. ఆయన ఆమెన్ కోసం ఆగాడు. ఎంతకీ రాలేదు. ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చి మాట రావడం లేదనుకున్న పాస్టరుగారు పాటవాళ్ళకి సైగ చేశారు. హార్మోనియం లేచింది, అందరూ లేచారు, జాన్ పాల్ తల్లిని బెంచీ మీదికి తీసుకుపోయాడు.

ఆ ప్రార్థనది ఒక్క ఫొటో కూడా లేదు. వంద నొక్కినా ఈగకైనా వినబడని కెమెరా చేతిలో పెట్టుకుని ఒక్కటీ నొక్కలేదు!

పాట అయ్యాక జాన్ పాల్ వచ్చి తెర మీద వెతికాడు. మొహం ఎర్రబడింది.

"ఏది బావా? ఒక్కటడిగినాను. ఒక్కటి! కళ్ళు నెత్తికెక్కినాయా నీకు?"

ముందు బెంచీలోంచి దీవెనమ్మ తలెత్తింది.

"ఎందుకురా అరుత్తన్నావు?"

"నీ సెయ్యి ఫొటో తియ్యనేదమ్మా, బావ."

"తియ్యనేదా! మరి నువ్వే గదరా, ఫొటో తీసీదాకా సెయ్యి తియ్యకు, ఆమెన్ అనకు అన్నావు. నాకు కళ్ళు నేవు గదా. మా యేసుదానం కెమెరా ఠక్కుమంటాది, అప్పుడు ఆమెన్ అందామని సూసినాను. ఎంతసేపు సూసినా ఠక్కుమననేదు. ఈలోపల పాటెత్తుకున్నారు."

ఆమె ఆయన కోసం, ఆయన ఆమె కోసం. యేసుదానానికి కోపం నషాళానికి అంటింది.

పాస్టరుగారు నవ్వుతూ దగ్గరికొచ్చారు. "దానికేముంది, మళ్ళీ చెయ్యి పెట్టించి తీసెయ్యండి. చప్పుడు లేని కెమెరాయే కదా."

"అయ్యగారండీ," అన్నాడు యేసుదానం. గొంతు చర్చి చివరిదాకా వినబడింది. "మీరొక్కపాలి అరిసినారు. ఇరవై ఆరేళ్ళు నా వేలు ఆ అరుపుకి భయపడి బతికింది. ఇప్పుడు సప్పుడే ఒద్దని నా కెమెరాయే తీయించీసినారు. మా అత్తకి కళ్ళు నేవు, సెవులే ఉన్నాయి. ఆవిడకి ఫొటో అంటే ఆ సప్పుడేనండీ! ఒక్కరైనా ఆవిడ్ని అడిగినారా?"

యేసుదానం మెనూలన్నీ తిప్పి, షాపువాడు ఎవరికీ అక్కర్లేదన్న సౌండ్‌ని పట్టుకుని ఆన్ చేశాడు.

"ఇది సప్పుడు సేత్తాది. ఇష్టం నేకపోతే బయటికి పొమ్మనండి. తీసినాకే పోతాను. రా అమ్మా ఫ్లోరా."

ఫ్లోరా మళ్ళీ మోకరించింది. దీవెనమ్మ చెయ్యి ముసుగు మీద ఆగింది. ఇందాకటి కన్నీళ్ళు ఇప్పుడు లేవు, చెంపలకి కొత్తగా పౌడరు అద్దారు. ఆ ఫొటో ఇక రాదని తెలిసే, పళ్ళు బిగించి నొక్కాడు.

ఠక్.

పాతదానంత గట్టిగా లేదు గాని దీవెనమ్మకి సరిపోయింది. మొహం విప్పారింది.

"ఆమెన్," అని చెయ్యి తీసింది.

వెనక బెంచీల్లో నలుగురైదుగురు అలవాటు కొద్దీ ఆమెన్ అన్నారు. వాళ్ళ గొంతులు పూర్తిగా అణిగి, చర్చంతా నిశ్శబ్దమయ్యేదాకా ఆగి, పాస్టరుగారి వైపే చూస్తూ, యేసుదానం ఇంకొకటి నొక్కాడు.