గాడి పట్టని గుండ్లు

మే నెలాఖరుకి లవాన్ ట్వైట్ ఇంట్లో సీసం కనబడని చోటంటూ లేకుండా పోయింది. కిటికీ గట్టు మీద రెండు తుపాకీ గుండ్లు, మొగుడు ఆరిన్ చొక్కా జేబులో నాలుగు, బట్టలుతికే మెషీన్ అడుగున ఒకటి. కప్‌కేకులు కాల్చుకునే రేకు అచ్చు కూడా షెడ్డులోకి వెళ్ళిపోయింది. సీసం పోశాక అది మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదని ఆరినే చెప్పాడు, అదేదో తన పెద్దమనసు అయినట్టు.

ఆరిన్‌కి అరవై ఎనిమిదేళ్ళు. అమెరికాలో మాంటానా రాష్ట్రపు తూర్పు మైదానంలో నలభై ఏళ్ళు గోధుమ పండించి, ఇప్పుడు పొలం కౌలుకిచ్చి కూర్చున్నాడు. కూర్చోవడం చేతకాని మనిషి. జూన్ మొదటి శనివారం రైఫిల్ క్లబ్బులో పోటీ. కొన్న గుండు పనికిరాదు, ఎవరి గుండు వాళ్ళు ఇంట్లో పోసుకుని రావాలి. అందరూ పెద్ద తుపాకులే తెస్తారు. ఆరిన్ మాత్రం నేల ఉడతల్ని కొట్టే తన సన్నపాటి ఇరవైరెండు కొలత రైఫిల్‌తోనే వస్తానని కాఫీ కొట్టులో పదిమంది ముందు అనేశాడు.

"బఠాణీ గింజంత గుండు. పొయ్యడానికే చెయ్యి తిరగదు, ఇంక గురికేం కొడతావు?" అన్నాడు పక్క పొలం వెండెల్.

"నువ్వు కాఫీ తాగు. ఆ రోజు చూద్దువుగాని."

ఆ మాట అని ఆరు వారాలయింది. టైర్ల షాపు వాళ్ళు పారేసిన సీసపు బిళ్ళలు తెచ్చి షెడ్డులో కరిగిస్తాడు. చిన్న ఇనప అచ్చులో పోసి, చల్లారాక ఒక్కో గుండూ భూతద్దం కింద పెట్టి చూస్తాడు. ముడత పడ్డవాటిని తీసి పారేసి, మిగిలినవాటికి తేనెమైనం పట్టిస్తాడు. చివరికి ఒక్కోదాన్నీ ఉక్కు దిమ్మెలోని రంధ్రంలో పెట్టి, లీవరు నొక్కి అవతలికి నెడతాడు. ఆ రంధ్రం సరిగ్గా గుండ్లు పోసే పుస్తకంలో రాసిన కొలత. వెంట్రుకవాసి ఎక్కువున్నా అది చెక్కేస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ ట్రక్కెక్కి కంకర గుంటకి పోవడం, అతను కాల్చడం, లవాన్ దుర్భిణి లాంటి స్కోపులోంచి చూసి దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పడం. చెప్పుకోదగ్గ దెబ్బ ఒక్కటీ తగల్లేదు.

పోటీ నాలుగు రోజులుందనగా మంగళవారం కూడా అదే వరస.

"ఎక్కడ పడింది?" అన్నాడు ఆరిన్, రైఫిల్ మీంచి తల ఎత్తకుండానే.

"పడలేదు."

"పడకపోవడమేంటి? గురి కాగితమంతా చూడు."

"చూశాను. ఎడమపక్క గట్టు మీద దుమ్ము లేచింది."

మళ్ళీ పేలింది.

"ఇది పడింది. అడ్డంగా. గుండు పల్టీ కొట్టుకుంటూ వెళ్ళి కాగితం చింపింది."

"నువ్వు సరిగ్గా చూడట్లేదు లవాన్."

లవాన్ పళ్ళు బిగబట్టింది. ఇంతకుముందు తప్పు తుపాకీ మందుది. దానికి ముందు మైనానిది, గాలిది. ఇవాళ్టికి తన కళ్ళ వంతు వచ్చింది.

బ్యారెల్ గొట్టం లోపల సీసం అంటుకుపోయింది. ఆరిన్ బోల్టు తీసేసి, ఇత్తడి బ్రష్షు పెట్టి తోమడం మొదలెట్టాడు. అది ముప్పావుగంట పని. ఊరికే కూర్చోలేక లవాన్ గట్టు దాకా నడిచి ఇసకలోంచి నాలుగైదు గుండ్లు ఏరింది. అరచేతిలో వేసుకుని తిప్పి చూసింది. చర్చి పాటగాళ్ళ గౌన్ల దగ్గర్నుంచి పెళ్ళి బట్టల దాకా యాభై ఏళ్ళుగా కుడుతున్న మనిషి, ఏది బిగుతో ఏది వదులో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. గుండు పక్కలు సబ్బు బిళ్ళలా నున్నగా ఉన్నాయి.

"ఆరిన్, ఇటు చూడు. బ్యారెల్లో మెలి తిరిగిన గాడులుంటాయి కదా, వాటి గీతలు దీనిమీద పడనేలేదు. గుండు వదులైంది. గాడి పట్టక జారిపోతోంది."

"కొలత పెట్టి నెట్టిన గుండు అది. పుస్తకంలో..."

"పుస్తకం రాసినాయన నీ తుపాకీ చూసి రాశాడా? మీ నాన్న కాలం నుంచీ అరుగుతున్న గొట్టం అది."

"ఇది లంగాలు కుట్టడం కాదు లవాన్."

ఆమె ఆ గుండ్లు అతని ఒళ్ళో పడేసి, ట్రక్కులో కూర్చుని తలుపు వేసుకుంది. దారి పొడుగునా మాట్లాడలేదు. ఆమె మాట్లాడడం లేదన్న సంగతి అతనికి ఇల్లు చేరేదాకా తెలియనే లేదు.

శుక్రవారం మధ్యాహ్నం లవాన్ ఇస్త్రీ చేస్తుంటే ఆరిన్ టోపీ అయినా తియ్యకుండా వంటింట్లోకి దూసుకొచ్చాడు.

"దొరికింది! గొట్టం అరిగి వెడల్పయింది, గుండేమో వదులు. అందుకే గాడి పట్టట్లేదు. పొద్దున కాఫీ కొట్టులో వెండెల్ ఊరికే అన్నాడు గాని, ఆలోచిస్తే నిజమే. వెండెల్ బుర్రే బుర్ర!"

లవాన్ ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"మళ్ళీ చెప్పు."

"అదే, వెండెల్ ఏమన్నాడంటే..."

"మంగళవారం కంకర గుంటలో నేనేమన్నాను?"

ఆరిన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నువ్వూ అలాంటిదేదో అన్నట్టున్నావు."

"అలాంటిదేదో కాదు. ఇదే మాట. ఆడదాని నోట్లోంచి వస్తే లంగాలు కుట్టడం, వెండెల్ మీసాల కిందనుంచి వస్తే బుర్రా?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. "సరే, ఇప్పుడు అనుకుని లాభమేంటి? పెద్ద రంధ్రం ఉన్న దిమ్మె తెప్పించాలంటే పది రోజులు. పోటీ రేపు."

"అసలు నెట్టకు."

"నెట్టకుండా ఎలా?"

"నెట్టకుండా! అచ్చులోంచి వచ్చింది వచ్చినట్టు వాడు. నువ్వు చెక్కకముందు అది లావుగానే ఉంటుంది కదా."

ఆరిన్ ఆమె ముఖం చూసి లేచాడు. ఇద్దరూ షెడ్డులోకి వెళ్ళారు. పళ్ళెంలో ఇంకా దిమ్మె ఎక్కని గుండ్లు ఇరవైదాకా ఉన్నాయి. అతను వాటికి మైనం రాసి ఇత్తడి తూటా డొప్పల్లో కూరుతున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడింది. అలవాటు కొద్దీ ఒకసారి అతని చెయ్యి లీవరు వైపు వెళ్ళింది.

"చెయ్యి తియ్యి!" అని అరిచింది.

ఆ సాయంత్రం కంకర గుంటలో ఆరిన్ రైఫిల్ వెనక కూర్చోబోతుంటే ఆమె భుజం మీద తట్టింది.

"జరుగు. ఆరు వారాలు నువ్వు కాల్చావు, నేను చూశాను. ఇవాళ నువ్వు చూడు."

పెళ్ళికి ముందు అన్నలతో కలిసి మేతబీళ్ళలో ఉడతల్ని కొట్టిన చెయ్యి అది. మొదటి దెబ్బ పేల్చి అడిగింది.

"ఎక్కడ పడింది?"

ఆరిన్ స్కోపుకి కన్ను ఇంకాస్త దగ్గరగా ఆనించాడు.

"నిన్నే. పడిందా?"

"పడింది."

"అడ్డంగానా?"

"గుండ్రంగా," అన్నాడు మెల్లగా.

అయిదు కాల్చింది. అయిదు చిల్లులూ కాఫీ కప్పు మూతంత చోట్లో పడ్డాయి. ఆరిన్ కాగితం దగ్గరికి నడిచి, వాటిని వేలితో తడిమి, ఒక్కసారిగా కంకరని ఫెడీమని తన్నాడు.

"ఆరు వందలు! ఆరు వందల గుండ్లు! మంచివాటిని పట్టుకుని నా చేత్తో నేనే చెక్కి చెక్కి పాడుచేశాను కదే!"

లవాన్ ఆ క్షణం కోసం మూడు రోజులుగా ఎదురుచూసింది. తీరా వచ్చాక అంత సంబరంగా ఏమీ లేదు. లీవరు నొక్కి నొక్కి అతని బొటనవేలి మొదట్లో బొబ్బ లేచి చితికిపోయి ఉంది.

"సీసం ఎక్కడికీ పోదు. కరిగించుకుని మళ్ళీ పోసుకో," అంది. "ఈసారి ఎవరైనా ఏదైనా చెబితే విను."

మర్నాడు పోటీలో తొమ్మిదిమందిలో ఆరిన్ నాలుగోవాడిగా నిలిచాడు. గాలి ఎక్కువైపోయి ఆ చిన్న గుండ్లని పక్కకి లాగేసింది, లేకపోతే ఇంకాస్త పైకి వచ్చేవాడే. పెద్ద తుపాకీ తెచ్చిన వెండెల్‌ది ఆరో స్థానం. అందరూ ఆరిన్ చుట్టూ మూగారు.

"అంత సన్న రైఫిల్‌తో ఎలా కుదిరిందయ్యా?"

"మేం కనిపెట్టిందేంటంటే..." అని ఆరిన్ మొదలెట్టాడు.

"మేమా?" అంది వెనకనుంచి లవాన్.

ఆరిన్ మెడ ఎర్రబడింది. "లవాన్ కనిపెట్టింది. మంగళవారమే చెప్పింది. నేను వినలేదు."

"మరి నేను చెప్పలేదూ?" అన్నాడు వెండెల్.

"నువ్వు శుక్రవారం చెప్పావు."

అందరూ పెద్దగా నవ్వారు. ఆరిన్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

తిరుగుదారిలో అతనే నోరు విప్పాడు. "వచ్చే ఏడు పోటీకి నీ పేరు ఇద్దామా?"

"ఇవ్వు. స్కోపు దగ్గర నువ్వు కూర్చో. పడింది పడినట్టు చెప్పు చాలు. నాకు పాఠాలు చెప్పకు."

"ఛ, నేనెందుకు చెబుతాను?"

ట్రక్కు రెండు మైళ్ళు పోయింది.

"కాకపోతే ఆ ఎడమ మోచెయ్యి ఉంది చూడూ, దాన్ని ఇంకాస్త లోపలికి పెడితే..."

లవాన్ చెయ్యి చాపి రేడియో గొంతు పెంచేసింది.