చిటికెన వేలు దూరని వల

ఆ ఆదివారం పొద్దున మహాలక్ష్మికి ఒళ్లు మండిపోతోంది. ఎవరి మీద అంటే ఒక్కరి పేరు చెప్పి ఊరుకోలేదు. ముందు ప్రత్యూష మేడమ్ మీద. నెల్లూరు నుంచి బదిలీ మీద వచ్చిన ఆ మహాతల్లి, పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి, "మీ ఇంట్లోంచి ఒక వస్తువు తీసుకోండి. అది పట్టుకుని మీరెవరో చెబుతూ ఫోన్‌లో వీడియో తీసుకురండి" అంది. చెప్పడానికేం, ఆవిడ సాయంత్రానికి బస్సెక్కి వెళ్లిపోతుంది. తర్వాత అనూష మీద. అందరికంటే ఎక్కువ మండింది మాత్రం తన నోటి మీద తనకే.

అసలు ఆ వీడియోలో తప్పేముందని? నట్టింట్లో కూర్చుని, నాన్న అల్లిన వల ఒళ్లో పరుచుకుని చెప్పింది. "నా పేరు మహాలక్ష్మి. మా నాయన మాల్యాద్రి. ఈ వల మా నాయన చేత్తో అల్లినాడు. చూడండి, నా చిటికెన వేలు గూడా దూరదు. సరస్సులో చిన్న రొయ్యపిల్ల గూడా దీన్ని తప్పించుకోలేదు. నేను ఈ చేతులోడి కూతుర్ని." అంటూ వల కన్నులో చిటికెన వేలు గుచ్చి, అది దూరకపోతే గర్వంగా నవ్వింది.

శుక్రవారం క్లాసులో ఆ వీడియో వేసినప్పుడు, మెట్ట ఊళ్ల రైతుల పిల్లాడు పెంచలప్రసాద్ ముక్కు మూసుకుని, "ఫోన్‌లోంచి గూడా కంపు కొడుతుండాది" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. అనూష ఒక్కతే నవ్వలేదు. ఆ పిల్లది మహాలక్ష్మి ఊరే, ఊరి జాలర్ల పెద్ద, పెద్దకాపు పోలేరయ్య మనవరాలు. తాత పడవ పందెంలో గెలిచిన కప్పు చూపించి వీడియో తీసింది, దాన్ని ఎవరూ రెండోసారి చూడలేదు. మహాలక్ష్మి వీడియోని మేడమ్ మళ్లీ వేయించి, మెచ్చుకుని, క్లాసు గ్రూపులో పెట్టింది. అనూష కళ్లు ఆ చిటికెన వేలు మీదే ఉన్నాయి.

సరస్సు మీద బతికే ఆ ఊళ్లో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు వలెయ్యడానికి లేదు. చీటీలేసి వంతులు పంచుకుంటారు. వంతు ఉన్నవాడికే నీళ్లు, నీళ్లున్నవాడికే కూడు. రొయ్యపిల్లలు ఊడ్చుకుపోతున్నాయని కిందటేడు పెద్దలు కట్టడి చేశారు: బొటనవేలు దూరని వల నీళ్లలో దిగకూడదు, దింపినవాడికి ఏడాది వంతు పోతుంది. ఆ కట్టడి చేసింది మగవాళ్లు కూర్చునే చోట. అక్కడికి ఆడపిల్లల్ని రానిచ్చిందెవరు, చెప్పిందెవరు? నాన్న పనితనం అనుకుని మహాలక్ష్మి చూపించిందల్లా, నాన్న దొంగతనమే.

చీకటి పడేలోపే ఊళ్లో ప్రతి ఫోన్‌లోనూ ఆ వేలే.

"నిన్నెవురు చెప్పమన్నారే? మన కొంపకు నువ్వే నిప్పు పెట్టినావు గదే!" అని మాల్యాద్రి అరిచాడు.

"ఇది చెయ్యగూడని పనని నాకేం తెలుసు నాయనా? నువ్వు చెప్పినావా?"

"ఎదురు మాట్లాడబాక! నోరు ముయ్యి" అని తల్లి కామమ్మ కూడా కూతురి మీదే విరుచుకుపడింది.

శనివారం మహాలక్ష్మి బడికి వెళ్లి ఆ వీడియో తీసెయ్యమని మేడమ్‌ని బతిమాలింది. మేడమ్ భుజం తట్టి, "మీ వృత్తి గురించి సిగ్గుపడకూడదమ్మా" అంది. సిగ్గట! ఆ మాటకు మహాలక్ష్మికి ఏడవాలో తిట్టాలో తెలియలేదు. బయట అనూష కనబడింది.

"మీ తాతకు చూపించింది నువ్వే గదా?"

"అవును, చూపించినా. మీ నాయన ఊడ్చుకపొయ్యేది మా వంతులో చేపలే. నీకు చప్పట్లు కొట్టాల్నా?"

ఆ మాట నిజమేనని మహాలక్ష్మికి తెలుసు. అందుకే ఇంకా మండింది.

ఆదివారం పోలేరమ్మ గుడి ముందు ఊరు కూడింది. ఆడవాళ్లు దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డారు. పోలేరయ్య ఫోన్ ఎత్తి చూపించి, "ఈ వల నీదేనా మాల్యాద్రీ?" అన్నాడు.

"నాది కాదన్నా. పిల్ల మార్కుల కోసరం యాడో తెచ్చుకోని, నేను అల్లినానని చెప్పింది."

"అట్లైతే కర్పూరం ఆర్పు."

పళ్లెంలో కర్పూరం వెలిగించారు. అబద్ధమాడి అరచేత్తో ఆ మంట ఆర్పితే అమ్మవారు కళ్లు తీసేస్తుందని ఆ ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. మాల్యాద్రి చెయ్యి ముందుకు వచ్చింది, మళ్లీ వెనక్కి పోయింది. చుట్టూ గొణుగుడు మొదలైంది. పొగలో నాన్న ముఖం చూసింది మహాలక్ష్మి. వంతు పోతే ఈ మనిషి తడ దగ్గర ఏ కంపెనీ గేటు ముందో కూలి కోసం నిలబడాలి. తన చదువూ అంతటితో సరి. చేసింది తన నోరే కదా అనుకుని, జనాన్ని తోసుకుని వచ్చింది.

"వీడియోలో చెప్పింది నేను తాతా. అది అబద్ధం. వల మాది కాదు" అని మంట మీద అరచెయ్యి వేసి అదిమింది.

వేపచెట్టు కింద కామమ్మ "అమ్మా!" అని కేక పెట్టింది. పోలేరయ్య మాల్యాద్రి వైపు తిరిగాడు. ఇప్పటికైనా నిజం చెబుతాడేమో అన్నట్టు చూశాడు. మాల్యాద్రి నేల చూపులు చూశాడు. ఇక చేసేదేం లేక, మాట తీరిపోయిందని పెద్దలు లేచారు.

సాయంత్రం మహాలక్ష్మి బొబ్బెక్కిన అరచేతికి కొబ్బరినూనె రాసుకుంటోంది. మాల్యాద్రి అటక మీద నుంచి అదే వల దించి భుజాన వేసుకున్నాడు. ముఖం తేటగా ఉంది.

"యాడికి నాయనా?"

"రేత్రికి మన వంతే గదా. మంచి పనే చేసినావులే. ఇంక మన మీద ఎవురికీ అనుమానం రాదు."

మహాలక్ష్మి ఒక్క క్షణం ఆ మాట నమ్మలేకపోయింది. ఈ వల తగలబెడతాడనుకుంది. కనీసం తన చెయ్యి ఎట్లా ఉందని అడుగుతాడనుకుంది. ఏమనుకుని ఏం లాభం! లేచి, గూట్లో ఉన్న చేపలు కోసే చాకు తీసుకుని, వల కొస పట్టుకుని లాగింది.

"వదులు! కోసినావంటే చెయ్యి ఇరగ్గొడతా."

"ఇరగ్గొట్టు. కాలిన చెయ్యే గదా!"

చాకు దారం మీద జారుతోందే గానీ తెగడం లేదు. మాల్యాద్రి చెయ్యెత్తాడు. అప్పుడు వంటింట్లోంచి కామమ్మ వచ్చింది, చేతిలో పెద్ద చేపలు కోసే కత్తి. ఆ రొయ్యపిల్లల్ని గంపలో పెట్టుకుని ఏడాదిగా నోరెత్తకుండా అమ్ముకొచ్చిన మనిషి, మొగుడికీ కూతురికీ మధ్యకు వచ్చి నిలబడింది.

"బిడ్డ కళ్లు తాకట్టు పెట్టి వంతు దక్కించుకుంటివే, నువ్వొక తండ్రివా? ఎత్తిన చెయ్యి దాని మీద పడనీ, చూస్తా."

మాల్యాద్రి చెయ్యి దిగిపోయింది. కామమ్మ కూతురి వైపు తిరిగి కత్తి పిడి అందించింది.

"అది మొద్దుబారిపొయ్యిందే. దీంతో కొయ్యి."