ఏడో అర్రల బిల్ల

రజాక్ బిడ్డ తహసీన్ ఒక ఆట తయారుచేసింది. ఫోన్‌ల ఆడేది. పేరు 'మాయగడి'. ఒక మాయలమారి ఊరోళ్ల వస్తువులన్నీ ఎత్తుకపోయి కోటలాంటి తన గడిల దాచిపెడుతది. గడికి ఏడు అర్రలు, ఏడు గదులన్నట్టు. ఒక్కో అర్రల ఒక పక్కకు వస్తువుల పేర్లు రాసి ఉంటయి. బొమ్మల వాటిని వెతికి వేలుతోని తాకాలె. అన్నీ దొరికితే తర్వాతి అర్ర తెరుచుకుంటది. రెండు అర్రలు ఉత్తగనే ఆడొచ్చు. మిగతా ఐదు కావాలంటే రెండువందల తొంబై తొమ్మిది రూపాయలు కట్టాలె.

అంత ధరకు అది తగునా, తగదా? చెప్పుమని రజాక్ నన్ను పట్టుకున్నడు.

మేమిద్దరం ఇరవై ఆరేండ్లు ఒకే బొగ్గుబాయిల దిగినం. ఇప్పుడు పక్కపక్క ఇండ్లల్ల ఉంటున్నం. మూడేండ్ల కింద నా భార్య సమ్మవ్వ పోయినంక ఈ గల్లీల నాతోని మాట్లాడే మనిషి అతనొక్కడే. పొద్దున ఛాయకు మా అరుగు మీదికే వస్తడు.

"అన్నా, పోరి పట్నం పోత అంటుంది" అన్నడు. "అక్కడ అర్ర కిరాయికి తీసుకొని ఏడాదిపాటు ఇదే పని చేస్తదట. నా దగ్గర రిటైరయినప్పటి పైసలున్నయి. లేదంటే మెట్‌పల్లిల మా బామ్మర్ది బట్టల దుకాణముంది, బిల్లులు రాసుకుంట కూసుంటది. నాకు ఈ ఆటలు తెల్వయి. నువ్వు మొత్తం ఆడు. తగుతదంటే పంపిస్త. తగదంటే దుకాణం."

"నేనే దొరికిన్నా?"

"నువ్వు ఎవ్వలను మెచ్చుకోవు గద. నువ్వు మంచిగుంది అన్నవంటే నిజంగనే మంచిగున్నట్టు."

గోడకు ఆనుకొని నిలబడ్డ తహసీన్ నవ్వింది. "పెద్దబాపు సమ్మవ్వ దినాలల్ల గూడ పప్పుల ఉప్పెక్కువైందన్నడు."

ఎక్కువైంది. ఉన్నమాటే అన్న.

నాలుగు రోజులు మధ్యాహ్నం పూట ఆడిన. మొదటి అర్రల కందీలు దీపం, అన్నం తినే తలె, చెంబు, గల్లగురిగి. మా ఇండ్లల్ల మాటలే రాసింది. విజయవాడ నుంచి ఎవరో ఆడి, గల్లగురిగి అంటే ఏం పిట్ట అని రాసిండట. చిల్లర దాచుకునే మట్టికుండ అని జవాబు రాసిందట గని, మాట మాత్రం మార్చలే. ఆ మొండితనం నాకు నచ్చింది.

ఆట గూడ నచ్చింది. మూడో అర్రల చేదతాడు పాములెక్క పండుకొని ఉంటది, పాము తాడులెక్క వేలాడుతది. నాలుగో అర్రల కిటికీల చందమామనే మనం వెతికే తలె. మోసం లేదు. ప్రతి వస్తువు కండ్ల ముంగటనే ఉంటది, మనమే చూడం. మూడో అర్రల, ధర తగునని అనుకున్న. ఐదో అర్రల ఐదొందలైనా తగుననుకున్న.

ఏడో అర్ర తెరిచిన. అది సమ్మవ్వ వంటిల్లు. పొగబట్టిన అల్మారి, మూతి పగిలిన తెల్లజాడీ, జాడీకి కట్టిన పసుపు బట్ట. మా ఇంట్ల ఉన్నది ఉన్నట్టు గీసింది. పక్కకు ఒక్కటే పేరు రాసి ఉంది. బిల్ల.

గంటసేపు వెతికిన. దొరకలే. ఆఖరికి సాయమడిగే దీపం బొమ్మను నొక్కిన. దీపం పోయి జాడీ మీద నిలబడ్డది. మూత తీసిన. మామిడి తొక్కును వేలుతోని పక్కకు జరిపిన. అడుగున ఇత్తడి బిల్ల. దాని మీద 731.

అది నా నంబరు.

బాయిల దిగేటోళ్లకు తలా ఒక బిల్ల ఉంటది. అది చూపెడితేనే తలదీపం ఇస్తరు. దీపం లేనిదే దిగనియ్యరు. నా బిల్ల దర్వాజ పక్క గోడకు కొట్టిన మొలకు వేలాడేది. పద్నాలుగేండ్ల కింద ఒక పొద్దున అది మొలకు లేదు. ఇల్లంత చిందరవందర చేసిన. షిఫ్టు టైం దాటిపోయింది. అంతకుముందు వారం రోజుల నుంచి సమ్మవ్వ ఇచ్చోడల ఉన్న తన తమ్ముని లగ్గం మాటలకు పోదమని నస పెడుతుండె. డ్యూటీ ఎగ్గొట్టనని చెప్పిన.

"ఎట్లాగూ మస్టర్ పోయె, ఇయ్యాల హాజరు పడది" అన్నది సమ్మవ్వ. "బస్సుకు పోదం పా."

పోయినం. మేం అక్కడ అన్నం తింటున్నప్పుడు, ఇక్కడ బాయిల నేను పని చేసే జాగల పైకప్పు కూలింది. నేను రాలేదని నా బదులు రజాక్ తమ్ముడు సాద్‌ను పెట్టిండ్రు. ఇరవై నాలుగేండ్ల పోరగాడు. శవం ముందట రజాక్ నన్ను పట్టుకొని ఏడ్చిండు. "నా తమ్ముడు పోయిండు, నువ్వన్న మిగిలినవ్ అన్నా" అన్నడు. నా కాలం మంచిగుందన్నరు అందరు. నేనూ అదే అనుకున్న.

ఫోన్ పక్కకు పెట్టి వంటింట్లకు పోయిన. జాడీ అల్మారి మీదనే ఉంది. మూడేండ్లుగ ఎవ్వరు ముట్టలే. తొక్కు ఎండి నల్లగ రాయయింది. చెంచతోని తవ్విన. అడుగున ఉప్పు తిన్న ఇత్తడి. గోరుతోని గీకితే 731.

నన్ను బస్సు ఎక్కించేటందుకు సమ్మవ్వే దాచింది. అంతే. దేవుడు చెప్పిండనో కల పడ్డదనో కాదు. సాద్ సచ్చినంక కూడా నోరు తెరవలే. తహసీన్‌ను పిలిచి ఏండ్లకేండ్లు అన్నం పెట్టింది. పరాయి పిల్లకు ఎందుకు పెడుతున్నవని నేను తిడితే, "చిన్నపిల్ల" అనేది. పిల్లలు లేని మనిషి, ముద్దు చేసుకుంటుంది అనుకున్న. చేసిన తప్పుకు దండుగ కట్టుకున్నదన్నట్టు. సమ్మవ్వ సచ్చిన దినం నేను ఏడ్చిన. ఆ ఏడుపు వాపస్ తీసుకున్న.

తర్వాత ఆ అర్ర మళ్లమళ్ల తెరిచిన. బిల్ల కాకుండ ఇంకేమన్న కనబడుతదేమో అని. కనబడలే.

తెల్లారి తహసీన్‌ను పిలిచిన.

"ఏడో అర్రల బిల్ల ఎందుకు పెట్టినవ్?"

"దొరికిందా!" ఎగిరింది. "ఎవ్వలకు దొరకలే పెద్దబాపు ఇప్పటిదాక. చిన్నప్పుడు తొక్కు కోసం జాడీల చెయ్యి పెడితే అది దొరికింది. సమ్మవ్వ నా చెయ్యి పట్టుకొని, ఎవ్వలకు చెప్పకు బిడ్డా అన్నది. వణికింది. వస్తువు దాస్తే మనిషి గట్ల వణుకుతరా అనుకున్న. ఈ ఆట అక్కడికెల్లే పుట్టింది."

"అది తీసెయ్."

"తీస్తే ఆటేముంది?"

"నంబరన్న మార్చు."

"మార్చ. చూసింది చూసినట్టే గీసిన. నీ నంబరు చూస్తే మా నాయిన సంబురపడుతడు. ఆయన రెండు అర్రలే ఆడిండు. పట్నం పోయే ముందు ఏడోది పక్కన కూసోని ఆడిపిస్త."

బిల్ల పోయిన దినం ఏదో ఆ పిల్లకు తెల్వదు. రజాక్‌కు తెలుసు. జాడీల ఆ నంబరు చూసిన క్షణమే ఎవలు దాచిండ్రో సమజైతది. ఇగ ఛాయకు రాడు. గోడ అవతల ఉంటడు గని రాడు.

"తియ్యవా?"

"తియ్య పెద్దబాపు. ఇంకేదన్న చెప్పు, మారుస్త."

ఆ మరునాడు పొద్దున రజాక్ వచ్చిండు. వెనక తహసీన్. పిల్ల కొత్త డ్రెస్ తొడుక్కున్నది.

"చెప్పన్నా. తగునా?"

"తగదు."

"మూడువందలకు ఎక్కువైతే నూరు పెడుదం."

"ఐదు రూపాయలకు తగదు. ఇంట్ల ఉన్న చెత్తంత కుప్పపోసి ఏరుకొమ్మంటది. చెత్త ఎవలింట్ల లేదు? పైసలిచ్చి ఎవడు ఏరుకుంటడు? బొమ్మలు పిల్లగాండ్ల గీతలు. మాటలు పక్క జిల్లావోనికి తెల్వయి. నీ బిడ్డకు వచ్చిన పని కాదిది. పైసలు బాయిల పారేసినా చప్పుడన్న ఇనబడుతది."

తహసీన్ మొఖం తెల్లబడ్డది. అయినా ఊకోలే. నా ఫోన్ గుంజుకున్నది. ఆటల ఒక మూలకు నొక్కింది.

"నాయినా, ఇది చూడు. ఎవ్వలు ఎన్నిసార్లు ఆడిండ్రో ఇక్కడ ఉంటది. ఏడో అర్ర పందొమ్మిదిసార్లు తెరిచిండు. తగని ఆట పందొమ్మిదిసార్లు ఆడుతరా ఎవలన్న?"

రజాక్ నా దిక్కు చూసిండు.

"కండ్లు ఆనలే" అన్న. "ఎంత వెతికినా దొరకలే."

"దొరికింది! నిన్న నువ్వే అడిగినవ్, బిల్ల ఎందుకు పెట్టినవని..."

"ఏం బిల్ల?" అన్నడు రజాక్.

నా ఛాయ గిలాస కింద పెట్టిన.

"బొట్టుబిల్ల" అన్న. "మాయలమారి నుదుటి మీదిదట. ఆవగింజంత. అది వెతకాలట."

రజాక్ నవ్విండు. కడుపు పట్టుకొని నవ్విండు. "అరే తహసీన్! బొట్టుబిల్ల వెతికేటందుకు మూడువందలా? కుంకుమ దుకాణంల రూపాయికి పది ఇస్తరు గదనే!"

"బొట్టుబిల్ల కాదు నాయినా, అది..."

"చూడు బిడ్డా, నువ్వే సాక్ష్యం తెచ్చినవ్. ఇంత ఓపికున్న మనిషి పందొమ్మిదిసార్లు వెతికితే దొరకలే. ఇగ ఎవడు కొంటడు? జర సోంచాయించి చూడు."

జేబుల నుంచి ఫోన్ తీసి మెట్‌పల్లికి కలిపిండు. అరుగు దిగి, ఎండల అటిటు తిరుగుకుంట మాట్లాడిండు. సోమారం తోలుకొస్తనన్నడు. పోరికి లెక్కలు మంచిగొస్తయన్నడు.

తహసీన్ నా పక్కన నిలబడ్డది. ఏడ్వలే. నా ఫోన్ ఇంకా ఆమె చేతులనే ఉంది.

"ఎందుకు పెద్దబాపు?" మెల్లగ అడిగింది.

ఎండల తిరుగుతున్న రజాక్ దిక్కు చూసిన.

ఆమె ఆట బొమ్మ మీద వేలు అదిమిపట్టింది. ఈ ఆటను నిజంగనే తీసెయ్యాల్నా అని ఫోన్ అడిగింది. కింద అవును, కాదు అని రెండు జవాబులు. ఆమె ఏదీ నొక్కలే. ఫోన్ నా మొఖం ముందట పట్టింది.

"నాకు చేతులు రావు. అవును అని నువ్వే నొక్కు."

నొక్కిన.