అలసంద మీద పేనుబంక

వినుకొండలో ఇంటి వెనక ఉన్న మడిలో స్వాతి టమాటా, బంతి, అలసంద కలిపి వేసింది. ఆకుల రసం పీల్చే పేనుబంక అలసందనే ముందు పట్టుకుంటుందని, ఆ బంకని తినడానికి చుక్కల రెక్కల అక్షింతల పురుగులు వస్తాయని, ఆ సందడిలో టమాటా బతికిపోతుందని ఆమె లెక్క. అనుకున్నట్టే అలసంద తీగ పేనుబంక పట్టి నల్లబడింది.

పత్తి చేలో మందులు కొడుతూనే ముసలివాడైన మామ మస్తాన్‌రావుకి అది చూస్తే ఒళ్లు మండింది.

"ఏందమ్మాయ్, ఇంట్లో చీడని మేపుతున్నావా? ఒక్కసారి మందు కొడితే పోద్ది గదా."

"వద్దు మామయ్యా. ఆ తీగ వేసిందే పురుగు కోసం. పక్కనున్న కాయలు మనం తినేవి."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు స్వాతి కుట్టుషాపు నుంచి వచ్చి గేటు తీసేసరికి ఘాటైన వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. ఆకులింకా తడిగానే ఉన్నాయి. మట్టి మీద అక్షింతల పురుగులు వెల్లకిలా పడున్నాయి. తలెత్తి చూస్తే మొక్కలకి పండిన టమాటా ఒక్కటీ లేదు.

"మామయ్యా, కాయలెవరు కోశారు?"

"నాకేం తెలుసు? మందు కొట్టి నీళ్లు పోసుకోను పోయా."

స్వాతికి చప్పున గుర్తొచ్చింది. కావాల్సినప్పుడల్లా కోసుకో, అడగబాకని పక్కింటి హజ్రా బీకి చెప్పింది తనే. చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

అక్కడ గడప మీద కూర్చుని హజ్రా బీ మనవరాలు షాహీన్ టమాటా పండుకి ఉప్పు అద్దుకుంటోంది. పండు సగం లేదు.

"తినొద్దు! ఊసెయ్!"

పిల్ల బిత్తరపోయింది. స్వాతి పండు లాగి విసిరేసి, నోట్లో వేలు పెట్టి ఉన్నదంతా తీసేసింది. హజ్రా బీ లోపల్నుంచి పరుగున వచ్చింది.

"ఏమైందే?"

"మందు కొట్టిన కాయలు పిన్నీ! కడిగావా?"

"ఇంకా కడగలా..."

వెనకే వచ్చిన మస్తాన్‌రావు రోడ్డుకడ్డం పడి ఆటో ఆపాడు. ఆస్పత్రికి చేరేలోపే షాహీన్ రెండుసార్లు వాంతి చేసుకుంది. మందు పేరేంటని డాక్టరు అడిగితే ఆయన చెప్పాడు. ఆ రాత్రంతా హజ్రా బీ మంచం పట్టె వదల్లేదు. తెల్లారి పిల్ల ఇడ్లీ అడిగాకగానీ ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు.

ఇంటికి బయల్దేరేటప్పుడు హజ్రా బీ ఆయన ముందు ఆగింది.

"మందు కొట్టానని గోడ మీంచి ఒక్క కేక ఎయ్యలేకపోయావా అన్నా?"

మస్తాన్‌రావు ఇంటికి రాగానే మడంతా తనే పీకి, గొయ్యి తవ్వి పూడ్చాడు. స్వాతి మళ్లీ మూడూ కలిపి విత్తింది, ఈసారి ఆయన అటు పోలేదు. కాపు వచ్చింది గానీ, హజ్రా బీ మాత్రం టమాటాలు బజార్లోనే కొనుక్కుంది.