వేడి నీళ్లు తాగుతున్నావా?

నేను ఒక స్టీలు ఫ్లాస్కుని. ఆకుపచ్చ రంగు, భుజం మీద ఒక సొట్ట. మూత తిప్పితే కీచుమంటాను. ఇంగ్లండు ఉత్తరాన, ఎండ మొహం చూడడమే గగనమైన ఒక ఊళ్లో, ఇద్దరు ఆడపిల్లలు అద్దెకుంటున్న ఇంటి వంటగదిలో నా కాపురం. పుట్టుకతో చైనాదాన్ని. మరి ఈ తెలుగు ఎక్కడిదంటారా? ఆ ఇద్దరిలో ఒకతె స్వరూప, సిద్దిపేట పిల్ల. అన్నం వండుతున్నా, గిన్నెలు తోముతున్నా ఊళ్లో ఉన్న వాళ్ల అక్కతో ఫోనులో మాట్లాడుతూనే ఉంటుంది. ఆ ఫోనును స్పీకరులో పెట్టి నాకే ఆనిస్తుంది. ఇంక నాకు తెలుగు రాకపోతే ఎవరికి వస్తుంది?

కథలోకి వెళ్లేముందే చెబుతున్నాను, నేను పిరికిదాన్ని. పుట్టినప్పుడు కాదు, ఈ ఇంటికి వచ్చాక అయ్యాను. పక్క గదిలో తలుపు చప్పుడు కాస్త ఆలస్యమైతే చాలు, నాలోని నీళ్లు చల్లారిపోతాయేమో అన్నంత భయం వేస్తుంది.

నన్ను తయారుచేసింది యోంగ్‌కాంగ్ అనే ఊళ్లో. ఒక స్టీలు గొట్టంలో ఇంకో గొట్టం దించి, రెంటికీ మధ్యనున్న గాలినంతా లాగేసి మూసేశారు. ఆ తర్వాత ఒకావిడ నాలో మరిగే నీళ్లు పోసింది. కాసేపాగి అరచేతిని నా ఒంటికి ఆనించి చూసింది. చేతికి వెచ్చగా తగిలిన ఫ్లాస్కు తుక్కులోకి పోతుంది. లోపల ఎంత మరుగుతున్నా పైకి చల్లగా ఉన్నదే పాసవుతుంది. నేను పాసయ్యాను. ఆ రోజు నా గర్వానికి పట్టపగ్గాల్లేవు. మనుషులు తమ పిల్లలకు కూడా ఇదే పరీక్ష పెడతారని అప్పటికింకా తెలియదు.

నన్ను కొన్నది లియావ్ గుయిలాన్ అనే ఆవిడ. ఒక మాదిరి పట్నంలో సిటీ బస్సు నడిపేది. స్టీరింగు పక్కన నాకు ప్రత్యేకంగా ఒక చోటు ఉండేది. ఒకసారి గట్టిగా బ్రేకు వేసినప్పుడు దొర్లిపడి ఈ సొట్ట సంపాదించాను. గుయిలాన్‌ది ఒకటే వైద్యం, వేడి నీళ్లు. గొంతు నొప్పి అంటే వేడి నీళ్లు, కడుపు నొప్పి అంటే వేడి నీళ్లు, భర్త ఫాంగ్ ఎవరితోనో గొడవపడి అలిగి కూర్చుంటే ఆయన ముందూ వేడి నీళ్లే. ఆవిడొక్కతే కాదు, ఆ దేశంలో ఇంటింటా అదే మందు. ప్రేమను నోటితో చెప్పుకోవడం అలవాటు లేనివాళ్లు గ్లాసులో పోసి ఇస్తారు. నాకది నచ్చింది కూడా. నా పొట్ట గడిచేది దాంతోనే కదా.

వాళ్లకు ఒక్కతే కూతురు, కెషిన్. చదువులో చురుకు. పై చదువుకు ఇంగ్లండు వెళ్తుంటే విమానాశ్రయంలో గుయిలాన్ ఏడవలేదు. నన్ను తీసి కూతురి సంచిలో కుక్కి, “వేడి నీళ్లు తాగుతూ ఉండు” అంది. ఫాంగ్ మాత్రం, “మా గురించి బెంగ పెట్టుకోకు. నీ గురించి మమ్మల్ని బెంగపడనీయకు” అన్నాడు. అక్కడ అదొక పాతకాలపు మర్యాద. దూరాన ఉన్న బిడ్డ మంచి కబురే పంపాలి, చెడ్డ కబురు తనలోనే మింగాలి. మనవైపు కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారే, అలాంటిదే.

మొదట్లో బాగానే ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున కెషిన్ వంటగదిలో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేసేది. వైఫై సరిగ్గా వచ్చేది ఇక్కడే. గుయిలాన్ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. “వేడి నీళ్లు తాగుతున్నావా?” కెషిన్ నన్ను ఎత్తి చూపించేది. మూత తీస్తే ఆవిరి వచ్చేది. ఆ ఆవిరి చూడగానే అవతల ఇద్దరి మొహాలూ విప్పారేవి. స్వరూప పొయ్యి దగ్గర నిలబడి, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా నవ్వేది.

తర్వాత క్లాసులో నోరు విప్పలేక చిక్కు వచ్చింది. పుస్తకంలో ఏముందో చెప్పమంటే గడగడా చెప్పే పిల్ల, ‘నీ అభిప్రాయమేమిటి’ అని అడిగేసరికి బిగుసుకుపోయేది. పరీక్షల్లో రెండు పేపర్లు పోయాయి. పుట్టి బుద్ధెరిగాక కెషిన్‌కు పరీక్ష పోవడం అదే మొదటిసారి. తోటి చైనా పిల్లలకు చెబితే ఆ మాట వాళ్ల అమ్మల చెవిన పడి, ఆ అమ్మల నుంచి గుయిలాన్ చెవిన పడుతుందని వాళ్లనూ తప్పించుకు తిరిగింది. నిద్ర కరువైంది. ఆకలి పోయింది. క్లాసులకు వెళ్లడం మానేసి, కిటికీ తెర లాగేసి మంచం మీద కూర్చునేది. నన్ను నింపడం కూడా మానేసింది.

అప్పుడు వచ్చిన ఆదివారం నాకు గుర్తుంది. కెషిన్ జుట్టు దువ్వుకుని, పెదాలకు రంగు పూసుకుని వంటగదిలోకి వచ్చింది. “వేడి నీళ్లు తాగుతున్నావా?” అంది తల్లి. కెషిన్ నన్ను ఎత్తింది. నాలో చుక్క నీరు లేదు. మూత తియ్యకుండానే, దాన్ని అరచేత్తో కప్పి పెదాలకు ఆనించుకుని, గుటక వేసినట్టు గొంతు కదిలించింది. గుయిలాన్ నవ్వింది. పైన పటారం, లోన లొటారం. ఆ మోసంలో నేనే సాక్షిని, నేనే పనిముట్టుని. అరుద్దామంటే నోరు లేదు. ఉన్న నోటికి మూత బిగించి ఉంది.

అలా ఎన్ని ఆదివారాలు గడిచాయో. యూనివర్సిటీ కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తానని స్వరూప ఎంత బతిమాలినా కెషిన్ వద్దంది. వాళ్ల దేశంలో బడిలో చేరిన నాటి నుంచి మనిషి వెంట, మంచీ చెడూ అన్నీ రాసిపెట్టే ఒక సర్కారు ఫైలు నడుస్తుంది. మనసు బాగాలేదని ఇక్కడ ఎవరికైనా చెప్పుకుంటే ఆ మాట సముద్రాలు దాటి వెళ్లి ఆ ఫైలులో కూర్చుంటుందనీ, రేపు ఉద్యోగం రాదనీ, తండ్రి తల ఎత్తుకోలేడనీ ఆ పిల్ల నమ్మకం. ఆ నమ్మకం తప్పని చెప్పేవాళ్లు లేరు. ఎవరినైనా అడిగితే కదా చెప్పడానికి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కెషిన్ ఉత్సాహంగా కిందికి దిగింది. చాలా రోజుల తర్వాత మొహంలో కళ వచ్చింది. స్వరూపకు తన చలికోటు ఇచ్చింది. తన మంచి గొడుగు ఇచ్చింది. ఆఖరుకి నన్ను కూడా తెచ్చి బల్ల మీద పెట్టి, “నువ్వు వాడుకో” అంది. స్వరూప సంబరపడింది. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. తల్లి ఇచ్చిన వస్తువును ఎవరికీ ఊరికే ఇచ్చే పిల్ల కాదు కెషిన్. పైన గది సంగతి కూడా నేను చూసి వచ్చాను. బట్టలన్నీ మడతపెట్టి పెట్టెలో సర్ది ఉన్నాయి, ప్రయాణం మాత్రం ఎక్కడికీ లేదు.

వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషులో. కానీ స్వరూప ఇంగ్లీషులో కూడా సిద్దిపేటే వినిపిస్తుంది కాబట్టి నేనూ అలాగే చెబుతాను.

“ఇది నాకిస్తే ఎట్ల పిల్లా? మరి ఐతారం నాడు మీ అమ్మకేం చూపిస్తవ్?” అంది స్వరూప నవ్వుతూ.

“ఈ ఆదివారం చూపించాల్సిన పని ఉండదు” అని కెషిన్ మెట్లెక్కి వెళ్లిపోయింది.

స్వరూప నవ్వు మొహం మీదే ఆగిపోయింది. కాసేపు నన్నే చూసింది. తర్వాత ఫోను తీసి అక్కకు కలిపింది. ఆ అక్క ఆసుపత్రిలో నర్సు.

“అక్కా, ఆ పిల్ల సామాన్లన్ని పంచిపెడుతుందే. నాకు మస్తు భయమైతుంది.”

అక్క గొంతు నెమ్మదిగానే ఉంది. “ఒక్కదాన్ని ఇడిసిపెట్టకు. పోయి సూటిగ అడుగు, సచ్చిపోవాలనిపిస్తుందా అని.”

“గట్లెట్ల అడుగుతనే? లేని ఆలోచన నేనే పుట్టించినట్టయితది.”

“అడిగితే పుట్టదు. ఉన్నది బయటికొస్తది. నడువు ముందు.”

స్వరూప నన్ను చంకలో పెట్టుకునే మెట్లెక్కింది. ఎందుకో తనకూ తెలిసి ఉండదు, చేతికి ఏదో ఒకటి ఆసరా కావాలి. ఆ పిల్ల గుండె దడదడ నా స్టీలుకు తగులుతోంది. తలుపు తట్టింది. లోపలి నుంచి, “పడుకున్నాను” అని సమాధానం వచ్చింది.

“కెషిన్, ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యకు. నీకు సచ్చిపోవాలనిపిస్తుందా?”

నేను లెక్కలేనన్ని సార్లు నిప్పు లాంటి నీళ్లు మింగాను, బస్సులో దొర్లాను, విమానంలో సామాన్ల మధ్య నలిగాను. అంత భయం ఎప్పుడూ ఎరగను. తలుపు ఇటువైపు ఒక పిల్ల ఊపిరి బిగబట్టింది, అటువైపు పిల్ల ఊపిరి వినబడడం లేదు. తెరుచుకో తల్లీ అని తలుపుకు మొక్కుకున్నాను.

గడియ తీసిన చప్పుడైంది.

“అనిపిస్తోంది” అంది కెషిన్. “ఎవరికీ చెప్పకు.”

“ఇదొక్కటి మాత్రం దాయ. తిట్టుకుంటే తిట్టుకో” అని స్వరూప లోపలికి వెళ్లి ఆ పిల్లను పట్టుకుని కూర్చుంది. ఒక చేత్తో కెషిన్‌ను వదలకుండానే రెండో చేత్తో యూనివర్సిటీ అత్యవసర నంబరుకు ఫోను చేసింది. సాయంత్రానికి ముగ్గురం ఆసుపత్రిలో ఉన్నాం. నాలో మిరియాల చారు ఉంది. చైనా వైద్యం వేడి నీళ్లయితే స్వరూప వైద్యం అదే. పేరు పిలిచేదాకా కెషిన్ రెండు చేతులతో నన్ను పట్టుకుని తలుపు వైపే చూస్తోంది. లేచి వెళ్లిపోతుందేమోనని నాకు భయం. స్వరూప ఆమె మెడలోని మఫ్లరు కొస ఒకటి తన వేలికి చుట్టుకుని కూర్చుంది.

ఇక్కడ చెప్పిన మాట ఏ ఫైలుకూ పోదని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ చెప్పింది. కెషిన్ నమ్మడానికి చాలాసేపు పట్టింది. మందులు ఇచ్చారు, రోజూ ఒకరు ఫోను చేసి మాట్లాడతారన్నారు, ఒంటరిగా ఉండనివ్వొద్దని స్వరూపకు చెప్పారు. వీలైతే ఇంట్లోవాళ్లకు చెప్పమని కూడా అన్నారు. ఆ మాటకు కెషిన్ తల అడ్డంగా ఊపింది.

ఆ ఆదివారం వచ్చింది. కెషిన్ నన్ను నిజంగానే వేడి నీళ్లతో నింపి కూర్చుంది. తెర మీద గుయిలాన్, ఆ పక్కన ఫాంగ్. మామూలు ప్రశ్నే వచ్చింది. కెషిన్ నన్ను సగం దాకా ఎత్తి, మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

“అమ్మా, నాకు బాగాలేదు.”

“జలుబా? వేడి నీళ్లు ఎక్కువగా తాగు.”

“జలుబు కాదమ్మా. నాకు బతకాలనిపించలేదు.”

ఫాంగ్ తెర ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. గుయిలాన్ అనకూడనివన్నీ అంది. ఎవరేమన్నారు, పరీక్ష పోయిందా, కాస్త ఓర్చుకోకపోతే ఎలా, ఊళ్లో అందరి పిల్లలూ చదవడం లేదా అంది. ఆవిడ గొంతు పెరుగుతున్నకొద్దీ కూతురు ముడుచుకుపోతోంది. ఇక చాలు ఆపు తల్లీ అని నేను లోలోపల ఉడికిపోతున్నాను. చివరికి ఆవిడకే ఊపిరి ఆడక ఆగింది. ఫాంగ్ మళ్లీ వచ్చి భార్య వెనక నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఆ ఇంట్లో ఇంకో అమ్మాయి ఉందన్నావుగా. పిలువు” అంది గుయిలాన్.

స్వరూప చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర ముందు నిలబడి దండం పెట్టింది.

“నువ్వు నాకు నిజం చెప్పవు. అలా పెంచింది మేమే” అంది గుయిలాన్ కూతురితో. “ఆ అమ్మాయిని అడుగుతాను. నువ్వు మధ్యలో ఉండి తను అన్నది అన్నట్టు నాకు చెప్పు. నా కూతురు ఎలా ఉంది అని అడుగు.”

కెషిన్ అడిగింది. స్వరూప ఆలోచించి, ఒక్కొక్క మాటే నెమ్మదిగా చెప్పింది. “నిన్న సగం గిన్నె అన్నం తిన్నది. గోలీలు ఏసుకుంది. పొద్దుగాల బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చింది. నాకు బయటికి వినొచ్చింది.”

కెషిన్ తెర వైపు తిరిగింది. “నేను బాగానే ఉన్నానంటోంది. అన్నం తింటున్నానట” అంది.

నా లోపల ఆవిరి గడ్డకట్టినట్టయింది. ఆ గదిలో రెండు వైపుల మాటలూ అర్థమైన రెండో ప్రాణిని నేనే. స్వరూపకు చైనా భాష రాదు, గుయిలాన్‌కు ఇంగ్లీషు రాదు. అబద్ధం అలా నడిచిపోతే మళ్లీ ఆదివారాలు మొదలవుతాయి, మళ్లీ కోటు, గొడుగు, మడతపెట్టిన బట్టలు. చెప్పు తల్లీ, చెప్పు అనుకుంటున్నాను. గుయిలాన్ బస్సు అద్దంలో వెనక రోడ్డును చూసినట్టు రెప్ప వేయకుండా కూతురినే చూస్తోంది.

“కాదమ్మా” అంది కెషిన్. “అలా అనలేదు. నేను సగం గిన్నే తిన్నానంది. మందులు వేసుకున్నానంది. పొద్దున కుళాయి తిప్పి ఏడ్చానంది. తనకు వినబడిందట.”

ఫాంగ్ చెయ్యి భార్య భుజం మీద పడింది. గుయిలాన్ పెదాలు కదిలాయి. వేడి నీళ్లు తాగమనే అంటుందని నేను కళ్లు మూసుకున్నంత పని చేశాను. ఆవిడ కుర్చీని తెరకు ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

“ఇంకా చెప్పమను” అంది.