మాటలు మోసిన పిల్ల

"మీ అమ్మతో చెప్పు, ఇవాళ నీళ్ళు ఒక్క గంటే వస్తాయట."

కుట్టుమిషన్ మీద వంచిన తల ఎత్తకుండానే అన్నాడు తాత. ఎనిమిదేళ్ళ మనవరాలు నడవా దాటి వంటగదిలోకి పరుగెత్తి ఆ మాట అప్పగించింది. అక్కడ డ్యూటీకి తయారవుతున్న తల్లి జడ బిగించుకుంటూ, "తాతతో చెప్పు, మాత్ర వేసుకోకుండా మిషన్ ముందు కూర్చోవద్దని," అంది. పిల్ల మళ్ళీ వెనక్కి పరుగు. ముందుగదికీ వంటగదికీ మధ్య కాస్త గొంతు పెంచితే వినిపించేంత దూరమే. ఆ గొంతు పెంచడం మాత్రం ఇద్దరిలో ఎవరికీ చేతకాలేదు.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఈ పరుగులు చూసి ముచ్చటపడేవారు. "భలే చలాకీ పిల్ల మాస్టారూ!" అనేవారు. వీధిలో అందరూ ఆ పిల్లను వసపిట్ట అని పిలిచేవారు. నిద్రపోతే తప్ప నోరు మూతపడేది కాదు. అలాంటి పిల్ల ఏడాదిగా ఆ ఇంట్లో ఏం మోస్తోందో ఎవరికి తెలుసు?

ఏడాది కిందట అమ్మమ్మ ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆవిడను చేర్చిన ఆసుపత్రిలోనే కూతురు నర్సు. భర్తతో తెగతెంపులై, చంటిపిల్లతో పుట్టింటికి చేరిన కూతురామె. తల్లి పోయిన రోజు వరండాలో, పదిమంది చూస్తుండగా, తండ్రి అన్నాడు: "నా పెళ్ళాన్ని గొట్టాలు పెట్టి చంపేశావు." కూతురు ఊరుకోలేదు. "ఆలస్యంగా తెచ్చి చంపింది నువ్వు," అంది. అంతే. ఆ రెండు మాటల తర్వాత మూడో మాట పుట్టలేదు. ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, కావలసినవన్నీ పిల్ల చేత చెప్పించుకోవడం మొదలుపెట్టారు.

మొదట్లో పిల్లకు అది ఆటలాగే ఉండేది. రానురాను మాటలకు ముళ్ళు మొలిచాయి. "ఇంటికెప్పుడొస్తుందో కనుక్కో, తలుపు తియ్యడానికి నేనేం కాపలావాణ్ణి కాదు," అనేవాడు తాత. పిల్ల లోపలికి వెళ్ళి, "అమ్మా, తాత నిన్ను పెందలాడే రమ్మన్నాడు," అనేది. "ఆయన కోపం ఆయన దగ్గరే పెట్టుకోమను," అనేది తల్లి. "తాతా, అమ్మ నిన్ను తిన్నావా అని అడుగుతోంది," అని చెప్పేది పిల్ల. ఎవరూ నేర్పకుండానే ఆ చిన్న బుర్రకు ఎక్కడ ఏ ముల్లు విరవాలో తెలిసిపోయింది. ముళ్ళన్నీ తనలోనే దాచుకుంది.

అమ్మమ్మ పోయి ఏడాది నిండిన రోజున ఆ గుట్టు బయటపడింది. "మీ అమ్మతో చెప్పు, అమ్మమ్మ ఫోటో దగ్గరకు రావద్దని," అన్నాడు తాత. పిల్ల వెళ్ళి, "తాత నిన్ను పూలు పెట్టమన్నాడమ్మా," అంది. కూతురు కళ్ళు చెమర్చాయి. పూలు తెచ్చి ఫోటో ముందు పెట్టిందో లేదో, తండ్రి వాటిని చేత్తో నేలమీదికి తోసేశాడు. కూతురు నివ్వెరపోయి పిల్లవైపు తిరిగింది.

"తాత పెట్టమన్నాడన్నావే!"

"నేనెప్పుడన్నానే?" అని ఉరిమాడు తాత. "ఇంత లేవు, అప్పుడే అబద్ధాలా?"

తల్లి చెయ్యి పిల్ల చెంపమీద పడింది. ఏడాదిలో తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఒక్కటైన సందర్భం అదొక్కటే.

ఆ రోజునుంచి వసపిట్ట నోరు కట్టేసినట్టయింది. మాటలు చేరవేయడం మానలేదు గానీ, చెప్పింది చెప్పినట్టు, చిలక పలుకులా అప్పగించి వెళ్ళిపోయేది. తనకోసం ఏదీ అడిగేది కాదు. "పిల్ల దారిలో పడింది," అనుకున్నాడు తాత. డ్యూటీ నుంచి అలిసి వచ్చిన తల్లికి ఇల్లు నిశ్శబ్దంగా ఉండటం హాయిగానే తోచింది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం బడినుంచి వచ్చిన పిల్ల, బట్టలు కత్తిరించే బల్ల కింద ముడుచుకుని పడుకుంది. ఆడుకుంటోందనుకుని తాత పట్టించుకోలేదు. కిందపడ్డ కత్తెర కోసం వంగినప్పుడు చూశాడు. గుడ్డపీలికల మీద వాంతి. పిల్ల రెండు చేతులతో పొట్ట నొక్కుకుని, పెదవి కొరుక్కుంటోంది. ఒళ్ళు కాలిపోతోంది.

"ఎప్పటినుంచే తల్లీ? నొప్పా? ఎక్కడ?"

పిల్ల పలకలేదు. తాత ఫోను తీసి కూతురి నంబరు దాకా వెళ్ళాడు. ఏడాదిగా ముట్టని నంబరు. అలవాటు ఎంత పాపిష్ఠిదో చూడండి, ఆ ఫోను పిల్ల చేతికే ఇవ్వబోయాడు.

"మీ అమ్మకు నువ్వే చెప్పవే, నొప్పిగా ఉందని..."

పిల్ల గోడవైపు తిరిగింది.

అప్పుడు తెలిసింది తాతకు తానేం చేస్తున్నాడో. పిల్లను భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తాడు. ఎవరి బండిలో ఎక్కాడో, మెడలో వేలాడుతున్న కొలతల టేపు ఎక్కడ జారిపోయిందో ఆయనకు తెలియదు. ఆసుపత్రి వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురుగా కూతురు, ఎవరికో సెలైన్ మారుస్తోంది. అక్కడినుంచే అరిచాడు.

"అమ్మాయ్! పిల్ల... పిల్లను చూడవే!"

పేగు కొసనుండే అపెండిక్స్ పగిలి పొట్టంతా చీము పట్టిందన్నారు. వెంటనే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. తండ్రీ కూతుళ్ళు ఒకే బల్లకు చెరో చివర కూర్చున్నారు. ఆ మూసిన తలుపునే చూస్తూ. ఇద్దరి మనసులోనూ ఒకటే ప్రార్థన. అది కూడా ఒకరితో ఒకరు చెప్పుకోలేకపోయారు.

రెండు గంటల తర్వాత డాక్టరు బయటికొచ్చాడు. "ప్రాణగండం ఇంకా గడవలేదు. రెండు రోజులు చూడాలి. కనీసం మూడు రోజులుగా నొప్పి ఉండుంటుందమ్మా. నువ్వు నర్సువి, నీ పిల్ల నీకు చెప్పలేదా?"

కూతురు గోడకు తల ఆనించి కూలబడింది.

మూడోరోజున పిల్ల కళ్ళు తెరిచింది. తల్లి ఆ చేతిని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "అంత నొప్పి ఎలా ఓర్చుకున్నావే బంగారం? నాకెందుకు చెప్పలేదు?"

పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏ మాటకు ఎవరు కోప్పడతారోనని లెక్క చూసుకుంటున్నట్టు. చివరికి గాలిలాంటి గొంతుతో అంది.

"నీకు చెప్తే తాత సరిగ్గా చూడలేదని తిడతావు. తాతకు చెప్తే నువ్వు పట్టించుకోలేదని తిడతాడు. అందుకని... ఎవరికీ చెప్పలేదు."

పక్కన మందులు సర్దుతున్న హెడ్ సిస్టర్ చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ వార్డును నడుపుతున్న మనిషి. ఇద్దరినీ వరండాలోకి పిలిచింది.

"మాస్టారూ, మీరు పెద్దవారు. ఏమ్మా, నువ్వు నా దగ్గర పని నేర్చినదానివి. ఇద్దరికీ ఒకటే చెప్తున్నా. పొట్టలో చీము మా డాక్టరు తీసేశాడు. మీ మధ్య ఏడాదిగా పేరుకున్నది తియ్యడం ఆయన వల్ల కాదు. మీకు దుఃఖం ఉంటే కూర్చుని ఏడవండి, కోపం ఉంటే ఎదురుగా నిలబడి తిట్టుకోండి. ఆ పసిదాన్ని మధ్యలో నిలబెట్టి దాని గుండెల మీదుగా విసురుకోకండి. ఈసారి బతికింది. ఇంకోసారి నేను మాటివ్వలేను."

ఆవిడ వెళ్ళిపోయింది. తాత వరండా బల్లమీద కూర్చుని నోరు విప్పాడు.

"అప్పుడు మీ అమ్మకు ఆయాసం వస్తుంటే చూస్తూనే ఉన్నానమ్మాయ్. బడులు తెరిచే రోజులు, యూనిఫారాల తొందర. రేపు, ఎల్లుండి అని రెండు రోజులు ఆపాను. ఆ మాట నువ్వనకముందే నాకు తెలుసు. అది మోయలేకే నీమీద వేశాను."

కూతురు వార్డు తలుపులోంచి పిల్లవైపు చూసింది. క్షమించడం అంత తేలిక కాదు. "నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను నాన్నా," అంది చివరికి. "నర్సునై ఉండి కాపాడుకోలేకపోయాను. ఆ కసి నీమీద తీర్చుకున్నాను."

ఇద్దరూ లోపలికొచ్చేసరికి పిల్ల మేలుకునే ఉంది. "పాలు ఎప్పుడు పట్టొచ్చు అమ్మాయ్?" అని అడిగాడు తాత, నేరుగా. "సాయంత్రం డాక్టరు చూశాక నాన్నా," అంది కూతురు, నేరుగా. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

"అయితే... ఇంక నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదా?"

జవాబు చెప్పబోయి ఇద్దరూ భోరుమన్నారు.

ఇంటికి చేరి నెలలు గడిచినా ఆ పిల్ల మునుపటి వసపిట్ట కాలేదు. ఏమడిగినా, ముందు మొహం చూసి ఆ తర్వాతే జవాబు చెబుతోంది. ఆ బెదురు ఎప్పటికి పోతుందో తల్లికీ తెలియదు, తాతకూ తెలియదు. మనకైనా ఇంకా సమయం ఉంది. అలిగిన పెద్దలారా, మీ మాట మీరే వెళ్ళి చెప్పుకోండి. మీ ఇంటి పసివాళ్ళకు తమ నొప్పి తాము చెప్పుకునే చోటు మిగల్చండి.